వణకని వేగం

నాకు జీతం వచ్చేది వణుకు కొలిచినందుకు. పరవాడ ఫార్మా సిటీలో ఒక ఫ్యాక్టరీలో పంపులు, మోటార్లు, బ్లోయర్లు ఎలా తిరుగుతున్నాయో చూసుకోవడం నా పని. చేతిలో పట్టేంత మీటరును బేరింగు మీద ఆనించి, వచ్చిన అంకెను రిజిస్టరులో రాస్తాను. ఆ అంకెను తూచడానికి ఐఎస్‌ఓ 10816 అనే ప్రమాణాన్ని మేము వాడతాం. 15 నుంచి 300 కిలోవాట్ల యంత్రం గట్టి పునాది మీద ఉన్నప్పుడు, కంపనం సెకనుకు 2.8 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువకాలం నడపకూడదు, 4.5 దాటితే యంత్రానికి దెబ్బ తగులుతుందని లెక్క. 4.5 దాటిన రోజున ప్రొడక్షన్ మేనేజరుకు ఫోన్ చేసి "ఆపెయ్యండి సార్" అంటాను. బ్యాచ్ మధ్యలో ఉన్నా అంటాను. ఆయన అరిచినా తగ్గను. అక్కడ నాకు మొండివాడని పేరు.

అదే నేను, నా సొంత బండి 90 దాటితే వణుకుతుంటే, 85లో నడుపుకుంటూ చాలాకాలం తిరిగాను.

ఈ రెండూ ఒకే మనిషి ఎలా చేశాడన్నది నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. అంతుపట్టినంత వరకు రాస్తాను.

మాది రాజయ్యపేట. నక్కపల్లి మండలం, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక అనకాపల్లి జిల్లా. సముద్రం ఒడ్డున మత్స్యకారుల ఊరు. మా నాన్న తరం దాకా ఇంట్లో వాహనం అంటే తెప్పే. నేను పాలిటెక్నిక్ చదివి ఒడ్డెక్కాను. ఊళ్లోంచి నక్కపల్లి వచ్చి హైవే పట్టుకుంటే అడ్డరోడ్డు, యలమంచిలి, కశింకోట, అనకాపల్లి దాటాక లంకెలపాలెం. అక్కడ కుడిచేతికి తిరిగితే పరవాడ. ఒకప్పటి ఐదో నంబరు, ఇప్పటి పదహారో నంబరు జాతీయ రహదారి. మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరసల రోడ్ల మీద కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. కాబట్టి 90లో పోవడం దూకుడేమీ కాదు. నా బండికి చేతనయ్యేది కాదు, అంతే.

బండి పాతది, డీజిలుది. ఇంజను ముందు, తోసే చక్రాలు వెనక, మధ్యలో పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు, చేత్తో మార్చుకునే ఐదు గేర్లు. ఇంటిల్లిపాదీ ఉపమాక వెంకన్న దగ్గరికి పోవాలన్నా, అవసరానికి వలమూటలు వేసుకోవాలన్నా పనికొస్తుందని సెకండ్‌హ్యాండులో కొన్నాను. కొన్నప్పుడు వణుకు లేదు. తర్వాత ఎప్పుడో వచ్చింది. ఈ "ఎప్పుడో" అన్న మాటను కాస్త గుర్తుంచుకోండి. ఫ్యాక్టరీలో ఏ ఆపరేటరైనా నా ముందు ఆ మాట అంటే ఊరుకోను. "ఎప్పటి నుంచి? అంతకుముందు దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అని నిలదీస్తాను.

88 దగ్గర అరికాళ్ల కింద జుమ్మని మొదలయ్యేది. 92కి సీట్లోకి ఎక్కేది. 95కి లోపలి అద్దంలో వెనక వచ్చే లారీ అలుక్కుపోయి కనిపించేది. స్టీరింగు మాత్రం నిమ్మళంగా ఉండేది.

దాంతో కాపురం ఎలా చేశానో చెబితే నవ్వొస్తుంది. మొదట పాటల సౌండు పెంచాను. తర్వాత "డీజిలు బండి కదా, ఆమాత్రం ఉంటుంది" అనుకున్నాను. ఆ తర్వాత 85లో పోతే మైలేజీ బాగా వస్తుందని కనిపెట్టాను. అది నిజం కూడా. నిజమైన కారణం ఒకటి చేతికి దొరికితే అసలు కారణం గురించి ఆలోచించే పని తప్పుతుంది. ఇంట్లోవాళ్లంతా వెనక కూర్చుంటే వణుకు కొంచెం తగ్గేది. కుటుంబం ఎక్కితే బండికి కూడా బుద్ధొస్తుందని జోకు వేసేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్లు. ఆ జోకులోనే జబ్బు పేరు ఉంది. వెనక బరువు పడితే కమాన్లు కిందికి దిగి షాఫ్టు కోణం మారుతుంది. కోణం మారినప్పుడు మారే వణుకును టైర్ల మీద వేయలేం. ఇది నా వృత్తిలో మొదటి పాఠాల్లో ఒకటి. తెలిసిన సంగతినే జోకుగా చేసి దాచుకున్నాను.

85 గురించి ఇంకో లెక్క ఉంది. తిరిగే వస్తువులో ఒకవైపు బరువెక్కువైతే, అది బయటికి గుంజే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 60 దగ్గర ఉన్న బలం 90కి వచ్చేసరికి రెండుంపావు రెట్లవుతుంది. 85 నుంచి 95కి పెరిగిన వేగం పదే, బలం మాత్రం పావువంతు పెరిగిపోతుంది. దీన్ని వెనక నుంచి చదివితే నా తెలివి బయటపడుతుంది. 85లో వణుకు పోలేదు. కాస్త తగ్గిన బలంతో బేరింగులను బాదుతూనే ఉంది. నా వీపు దాన్ని పట్టుకోలేకపోయేది. నేను ఏరుకున్న వేగం వల్ల బండికి ఒరిగిందేమీ లేదు, నాకు తెలియకుండా పోయింది.

నా భార్య తమ్ముడు ఊళ్లో తెప్ప నడుపుతాడు. ఒకసారి మోటారు సామాను కొనడానికి విశాఖ ఫిషింగ్ హార్బరుకని నాతో వచ్చాడు. యలమంచిలి దాటాక ఉండబట్టలేక అడిగాడు.

"ఏటి బావా, ఎనబై అయిదు దాటనియ్యవు?"

వణుకు సంగతి చెప్పాను.

"ఎన్నాళ్లయింది?"

"ఉందిలేరా, చాన్నాళ్లుగా."

వాడు కాసేపు ఊరుకుని అన్నాడు: "మా పంకాకి వల చుట్టుకుంటే ఇలాగే వణుకుద్ది బావా. మెల్లగా లాగిత్తే వణుకు తగ్గుద్ది గానీ మోటారు పోద్ది. అందుకే ఆపీసి పైకెత్తి సూత్తాం. ఎంత లోపలున్నా సరే."

నాకు కోపం వచ్చింది. వాడి మాటలో తప్పుండి కాదు. నాకు జీతమిచ్చే విద్యను, ఏ మీటరూ లేని మనిషి, నా బండిలోనే కూర్చుని నాకే చెప్పాడని. ఆ కోపం హార్బరు దాకా ఉంది. దానికి సిగ్గు అని పేరు పెట్టడానికి ఇంకొన్ని రోజులు పట్టింది.

ఒక ఆదివారం తెల్లవారుజామున, హైవే మీద రద్దీ లేని వేళ, నా బండిని మా ఫ్యాక్టరీలో పంపు అనుకుని కూర్చున్నాను. పక్కన మా అబ్బాయి, చేతిలో నోటుపుస్తకం.

వణుకును పట్టుకునేవాడు మొట్టమొదట "ఏది చెడింది?" అని అడగకూడదు. "ఇది దేన్నిబట్టి పెరుగుతోంది?" అని అడగాలి. బండిలో తిరిగేవన్నీ ఒకే వేగంతో తిరగవు. నా టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.2 మీటర్లు పోతుంది. 90 అంటే సెకనుకు 25 మీటర్లు. కాబట్టి చక్రం సెకనుకు 11 చుట్లకు కాస్త పైన. వెనక హౌసింగులో పినియనుకు 10 పళ్లు, క్రౌనుకు 41 పళ్లు; షాఫ్టు చక్రం కన్నా 4.1 రెట్లు వేగంగా, అంటే సెకనుకు 46 చుట్ల పైచిలుకు తిరగాలి. ఐదో గేరులో ఇంజను షాఫ్టు కన్నా నెమ్మది, 0.8 వంతు, సెకనుకు 37 చుట్లు, మీటరులో 2,200. పదకొండు, ముప్పై ఏడు, నలభై ఆరు. చెడింది ఏదైనా ఈ మూడింటిలో ఒకదాని తాళానికే ఆడాలి. పదకొండు అయితే ఊగుడులా ఉంటుంది, గట్టిగా గమనిస్తే దాదాపు లెక్కపెట్టొచ్చు. నలభై ఆరు లెక్కకు అందదు. కాళ్లకు జుమ్ముగా, చెవికి హోరుగా తెలుస్తుంది. నాది జుమ్మే. అంటే మీటరు తీయకుండానే, సీట్లో కూర్చుని, సగం కేసు తేల్చేయగలిగేవాణ్ణి. ఇన్నాళ్లూ కూర్చున్నది ఆ సీట్లోనే.

చేత్తో గేరు మార్చే బండిలో ఒక సుఖం ఉంది. 90లో పోతుండగా క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వేస్తే ఇంజను వేగం పడిపోతుంది, షాఫ్టూ చక్రాలూ మాత్రం అదే వేగంతో తిరుగుతుంటాయి. వణుకు అప్పుడే మాయమైతే ఇంజను, క్లచ్ వైపు చూడాలి. నిలిచి ఉంటే గేరుబాక్సు తర్వాతి సామాను వైపు చూడాలి. (తాళంచెవి మాత్రం తిప్పకండి. ఇంజను ఆగితే బ్రేకుకు దాని సాయం పోతుంది, స్టీరింగు బిగుస్తుంది, లాకు పడినా పడొచ్చు.) నా బండిలో వణుకు నిలిచే ఉంది. "ఉంది అని రాయరా" అన్నాను. మావాడు "కొంచెం మెత్తబడింది కదా నాన్నా" అని ఆ ముక్క కూడా రాశాడు. నాకు అది ఎందుకో నచ్చలేదు. పేజీలో ఉందా లేదా అన్నదొక్కటే ఉండాలని నా చాదస్తం. చివరికి కేసు తేల్చింది వాడు అదనంగా రాసిన ఆ మాటే. లాగేటప్పుడు గట్టిగా, వదిలేసినప్పుడు మెత్తగా ఉండే వణుకు, బలాన్ని మోసే కీళ్లను చూపిస్తుంది. ఉత్త బరువు తేడాకు లాగడంతో, వదలడంతో అంత పని లేదు.

తర్వాత గేరు పరీక్ష. అదే 90ని ఐదులో ఒకసారి, నాలుగులో ఒకసారి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇలాంటి బండ్లలో నాలుగో గేరు సాధారణంగా నేరు గేరు. ఇంజనూ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి. నాలుగులో మాత్రమే చూసి తీర్పు చెబితే దొంగా దొరా ఒకే చొక్కాలో నిలబడినట్టు ఉంటుంది. ఐదులో వేస్తేనే ఇద్దరూ విడివిడిగా కనిపిస్తారు. ఇంజను 2,800లో ఉన్నా, 2,200లో ఉన్నా, మా వణుకు 90నే పట్టుకుని కూర్చుంది. బండి పక్కకు తీసి, న్యూట్రల్‌లో ఇంజనును ఆ రెండు వేగాలకూ లేపి చూశాం. అద్దం చెక్కుచెదరలేదు. ఇంజను, ఫ్లైవీలు, క్లచ్ ప్రెజర్ ప్లేటు దాదాపు నిర్దోషులు. దాదాపు అని ఎందుకంటే, బరువు లాగేటప్పుడే బయటపడే మౌంటింగు జబ్బులు నిలబడ్డ బండిలో కనిపించవు.

వణుకు అనగానే ఎవరైనా ముందు చెప్పేది వీల్ బ్యాలెన్సింగ్. చెప్పడంలో తప్పేమీ లేదు, చాలాసార్లు అదే అయి ఉంటుంది. మా ఊరి బండ్లకైతే మరీను. రిమ్ము లోపలివైపు ఇసుకా బురదా గట్టిపడి కూర్చుంటాయి, ఉప్పుగాలికి రిమ్ము అంచు పొలుసులు లేచి బ్యాలెన్సింగు ముక్క రాలిపోతుంది. కడిగాం, బ్యాలెన్సు చేయించాం, వెనక చక్రాలు ముందుకూ ముందువి వెనక్కీ మార్చాం. చక్రాలదే దోషమైతే వణుకు వాటితో పాటు ముందుకు వచ్చి స్టీరింగును పట్టుకోవాలి. రాలేదు. ఉన్నచోటే ఉంది, సీటు కింద.

మావాడు ఫోనులో కంపనం గీత గీసే యాప్ ఒకటి వేశాడు. నాకు నామోషీగా అనిపించింది. ఖరీదైన మీటర్లు పట్టుకుని తిరిగే నేను ఫోనును సీటు పట్టాకు టేపుతో అంటించడమా! ఫోను సెకనుకు 200 సార్లు చదువుతుందంటే అందులో సగం, 100 వరకు వచ్చే కంపనాలనే నమ్మాలి, ఆపైన ఉండేవి కింది అంకెల దగ్గర దొంగగీతలుగా కనిపిస్తాయి. మాకు అది చాలు. 46 దగ్గర చిన్న గుట్ట లేచింది. 92 దగ్గర దానికన్నా పెద్దది లేచింది. మా పనివాళ్ల మాటలో టూ ఎక్స్. చుట్టుకు ఒకసారి కొడితే ముందు బరువు తేడాను అనుమానిస్తాం, చుట్టుకు రెండుసార్లు కొడితే కోణం తేడాను. పంపుకూ మోటారుకూ మధ్య కప్లింగు సరిగా కుదరనప్పుడు రోజూ రిజిస్టరులో రాసే గుర్తే ఇది. నా చేతిరాతలోనే వందలసార్లు ఉంటుంది.

షాఫ్టు రెండు చివర్లా క్రాసులుంటాయి. పుస్తకాల్లో కార్డాన్ జాయింటనీ, హుక్ జాయింటనీ అంటారు. 16వ శతాబ్దపు కార్డానో, 17వ శతాబ్దపు రాబర్ట్ హుక్ పేర్లవి. ఈ క్రాసుకు పుట్టుకతో ఒక గుణం ఉంది. వంగి ఉన్నప్పుడు ఇటు సమానంగా తిప్పినా అటు సమానంగా తిరగదు. ఒక్క చుట్టులో రెండుసార్లు తొందరపడి రెండుసార్లు నెమ్మదిస్తుంది. కోణం 10 డిగ్రీలైతే ఆ తేడా అటూ ఇటూ ఒకటిన్నర శాతం. అందుకే రెండో చివర ఇంకో క్రాసు పెట్టి, రెండు కోణాలూ సమానంగా, క్రాసులను పట్టుకునే షాఫ్టు చివరి రెండు యోకులూ ఒకే వరసలో ఉంచుతారు. అప్పుడు మొదటిది పెట్టిన ఎగుడుదిగుడును రెండోది సాపు చేస్తుంది. షాఫ్టు మధ్యలో జారే కీలు దగ్గర రెండు ముక్కలూ పళ్లతో ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. విప్పేముందు రెండింటి మీదా గుర్తు పెట్టుకోకుండా మళ్లీ ఎక్కిస్తే, పన్ను అటో ఇటో తప్పి కూర్చుంటుంది. ఆ తర్వాత సాపు చేయడం ఉండదు.

షాఫ్టు ఎందుకు విప్పుతారు? గేరుబాక్సు దించడానికి. గేరుబాక్సు ఎందుకు దించుతారు? క్లచ్ ప్లేటు వేయడానికి.

నా బండికి క్లచ్ ప్లేటు వేయించాను. ఏ షెడ్డులో అన్నది ఇక్కడ అనవసరం. వణుకు మొదలైంది ఆ తర్వాతే. "అప్పుడు నాకు గుర్తొచ్చింది" అని రాయబోయి ఆగాను. మరిచిపోయి ఉంటే కదా గుర్తు రావడం! నాకు ఆ సంగతి మొదటి నుంచీ తెలుసు. పక్కపక్కన పెట్టి చూడలేదు. పెట్టి చూస్తే తిరిగి ఆ షెడ్డుకు వెళ్లి నిలబడి అడగాలి, గొడవ పడాలి. ఫ్యాక్టరీలో మేనేజరుతో గొడవ పడగలిగేది నా వెనక 4.5 అనే అంకె ఉండబట్టి. షెడ్డులో నా వెనక ఎవరున్నారు?

అడ్డరోడ్డులో ఒక పెద్ద మేస్త్రి బండిని గొయ్యి మీదికి ఎక్కించాడు. ఇరుసు వేలాడేట్టు లిఫ్టు మీద పైకెత్తితే షాఫ్టు కోణం మారిపోయి పరీక్ష తప్పుతోవ పట్టిస్తుంది. బండి తన చక్రాల మీద నిలబడి ఉండగానే కింద నుంచి చూడటం మేలు. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, గేరు తీసి, షాఫ్టును రెండు చేతులా పట్టుకుని ఆడించాడు. వెనక క్రాసు టక్‌మంది. దాని కప్పు చుట్టూ ఎర్రటి పొడి. లోపల గ్రీజు ఎండిపోయి సూది బేరింగులు తుప్పు తినేసిన గుర్తు. "సముద్రం బండి కదా బాబూ, గ్రీజు గన్ను ఎప్పటికప్పుడు పెట్టాల. నాలుగు కప్పుల్లోంచీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాల" అన్నాడు. తర్వాత జారే కీలు మీద మడ్డి గుడ్డతో తుడిచి టార్చి వేశాడు. రెండు ముక్కల మీదా బాణం గుర్తులున్నాయి. అవి ఒకదానికొకటి ఎదురుగా లేవు. ఒక్క పన్ను పక్కకు.

కొత్త క్రాసు వేశాడు, బాణాలు కలిపాడు. మరునాడు వేంపాడు టోల్‌గేటు దాకా వెళ్లి వచ్చాం. 95లో లోపలి అద్దంలో వెనక లారీ నంబరు తిరగేసి చదవగలిగాను.

మీలో చాలామందికి ముందు చక్రాలు లాగే కార్లుంటాయి, వాటిలో ఈ పొడుగు షాఫ్టు ఉండదు. వాటిలో లాగేటప్పుడు ఒళ్లు కుదిపినట్టయి, యాక్సిలరేటరు వదలగానే పోతే, గేరుబాక్సు పక్కనుండే లోపలి సీవీ జాయింట్లను చూపించుకోండి. వేగాన్నిబట్టి వస్తోందా, ఇంజనునుబట్టి వస్తోందా, లాగుడునుబట్టి వస్తోందా అన్న ప్రశ్నలు ఏ బండికైనా అవే.

బండి సంగతి ఇది. ఇక నా సంగతి.

2025 జనవరి 8న ప్రధాని విశాఖ వచ్చి నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. కేంద్రం మూడు రాష్ట్రాలకు ఇచ్చిన మూడు పార్కుల్లో ఇదొకటి. మిగతావి హిమాచల్‌లో, గుజరాత్‌లో. మొదట కాకినాడ దగ్గర తొండంగి మండలంలో అనుకున్నది మా మండలానికి మారింది. ఆ ఏడాది సెప్టెంబరులో మా ఊరివాళ్లు పార్కు వద్దంటూ డేరా వేసుకుని దీక్షలకు కూర్చున్నారు. అక్టోబరులో నక్కపల్లి దగ్గర హైవే మీద బైఠాయించారు. నేను రోజూ 85లో పోయే రోడ్డు మీదే. మందుల ఫ్యాక్టరీల నీళ్లు సముద్రంలో కలిస్తే చేప ఒడ్డు వదిలి పోతుందన్నది వాళ్ల భయం. చేప పోతే వాళ్లకు ఇంకో పని తెలియదు.

నాకు తెలుసు కాబట్టి నేను ఒడ్డున లేను. ఫార్మాలోనే ఉన్నాను.

ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఎవరైనా "మీ ఊరివాళ్లను ఎవరో ఎక్కిస్తున్నట్టున్నారు" అంటే తల ఆడించేవాణ్ణి. ఇంటికొచ్చాక అరుగు మీద "కంపెనీ మాటలు నమ్మలేం" అంటే అక్కడా తల ఆడించేవాణ్ణి. రెండు చోట్లా అబద్ధమేమీ చెప్పలేదు. అసలు ఏమీ చెప్పలేదు. రెండు చోట్లా వణుకు రాని వేగం ఏదో నాకు బాగా అలవాటు. అంతకు ఏడాది ముందు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 17 మంది పోయారు. ఆ రాత్రి నా భార్య అడిగింది: "మీ దాంట్లో అలా అవదు కదండీ?" "మాది వేరు" అన్నాను. ఎలా వేరో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అన్నం తిన్నాం.

మా అబ్బాయిది డిప్లొమా చివరి ఏడాది. పార్కు వస్తే వాడికి ఇంటి దగ్గరే ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ నాకుంది. దీన్ని ఇక్కడ రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు. నా మౌనం మంచితనం వల్ల వచ్చింది కాదు, వివేకం వల్లా కాదు. అందులో నాకు వాటా ఉంది.

బావమరిది డేరా దగ్గర కూర్చుని వచ్చిన ఒక సాయంత్రం సూటిగా అడిగాడు. "నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదా బావా. ఆ నీళ్లు శుద్ధి సేసే వదుల్తామంటన్నారు. నమ్మొచ్చా?" ట్రీట్‌మెంట్ ప్లాంటు పెట్టకుండా అనుమతి రాదు అన్నాను. వాడు అడిగింది అది కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ట్రీట్‌మెంట్ ప్లాంటు అన్న మాట కాగితం మీద ఎప్పుడూ బాగానే ఉంటుంది. అది పని చేస్తోందా అన్నది దాని పంపులూ బ్లోయర్లూ ఎన్ని గంటలు తిరిగాయో చూస్తే తెలుస్తుంది. గాలి కొట్టే బ్లోయరు ఆగితే నీళ్లను శుద్ధి చేసే సూక్ష్మజీవులు చస్తాయి. ఆ బ్లోయరు బేరింగు పోతే, విడి భాగం వచ్చేదాకా ఉత్పత్తి ఆపాలా వద్దా అన్న చర్చ ఎలా సాగుతుందో నాలాంటివాడికి తెలిసినంతగా మంత్రికి కూడా తెలియదు. ఇది ఒక్క ఫ్యాక్టరీ మాట కాదు. తిరిగే యంత్రాలున్న ప్రతిచోటా ఉండే చర్చే. నేను "ఆపెయ్యండి" అనగలిగేది బేరింగు గురించి మాత్రమే. ఆ బేరింగు ఆగితే సముద్రానికి ఏమవుతుందన్నది నా రిజిస్టరులో గడి లేని విషయం.

అంకె ఉన్నచోట నేను ధైర్యవంతుణ్ణి. ఆ ధైర్యం నాది కాదు, అప్పు తెచ్చుకున్నది. షెడ్డులో, ఇంట్లో, డేరా దగ్గర నాకు ఎవరూ అంకె ఇవ్వలేదు. అంకె అడగొచ్చన్నది మాత్రం నాకు తెలియకుండా లేదు.

బండి బాగయ్యాక ఒక రాత్రి కూర్చుని తెల్లకాగితం మీద కొన్ని ప్రశ్నలు రాశాను. కొత్త యంత్రం బిగించగానే మేము మొదటి రోజే దాని కంపనం రాసి పెట్టుకుంటాం, రేపు పెరిగితే దేనితో పోల్చాలి మరి? అలాగే పార్కు నీళ్లు సముద్రంలో వదిలే గొట్టం పడకముందు, ఇప్పుడు, మా తీరం నీళ్లలో ఏమేమి ఎంతెంత ఉన్నాయో కొలిచి ఆ కాగితం ఊరికి ఇస్తారా? శుద్ధి ప్లాంటు పంపులూ బ్లోయర్లూ రోజుకు ఎన్ని గంటలు నడిచాయో రాసే రిజిస్టరు పంచాయతీలో పెడతారా? ఒకటి ఆగితే రెండోది సిద్ధంగా ఉంటుందా, రెండూ ఆగితే ఫ్యాక్టరీని ఆపమనే అధికారం ఎవరిది, వాళ్ల ఫోన్ నంబరు మాకు ఇస్తారా? సముద్రంలో గొట్టం చివర నీళ్ల నమూనా తీసేటప్పుడు మా తెప్పవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్తారా? పార్కు కావాలా వద్దా అన్నది ఇందులో రాయలేదు. ఆ మాట ఊరు తేల్చుకోవాలి. తేల్చుకునే ముందు ఈ జవాబులు చేతిలో ఉండాలని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను. ఇలాంటి పార్కులు వచ్చే ఏ ఊరివాళ్లైనా ఈ ప్రశ్నలు వాడుకోవచ్చు.

కాగితం బావమరిది చేతిలో పెట్టాను. వాడు రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎల్లుండి అధికారులెవరో వచ్చి మాట్లాడతారట. "ఇయ్యి నాకంటే నువ్వడిగితే బాగుంటాది బావా, రారాదా?" అన్నాడు. డ్యూటీ ఉందన్నాను.

ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్.